యూరప్ ఆకాశం ఒకటే అయితే ఇన్ని కంట్రోల్ రూములు ఎందుకు?

రైన్ ఒడ్డు | శుక్రవారం, రాత్రి 11:40

పిల్లల సెలవులు అయిపోయాయి, బార్సిలోనా నుంచి ఇప్పుడే డస్సెల్‌డార్ఫ్ చేరాం. ఎక్కడం సమయానికే ఎక్కాం. తలుపులు వేశారు, బెల్టులు పెట్టుకున్నాం, విమానం మాత్రం కదలదు. కాసేపటికి కెప్టెన్ మైకులో చెప్పాడు: "మా వైపు అంతా సిద్ధం. దారిలో ఒక కేంద్రం మీద రద్దీ ఎక్కువగా ఉందట, మన స్లాట్ గంటా పది నిమిషాలు వెనక్కి వెళ్లింది." బయట ఎండ మండిపోతోంది, మచ్చుకి ఒక్క మేఘం లేదు. మా చిన్నోడు "నాన్నా, పైన కూడా సిగ్నల్ పడుతుందా?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియలేదు.

పదకొండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. కారులో పొద్దున బెల్జియం, మధ్యాహ్నం నెదర్లాండ్స్ చుట్టేసి రాత్రికి ఇంటికొస్తాం. సరిహద్దు ఎక్కడ దాటామో ఫోనుకి వచ్చే మెసేజ్ చూస్తే తప్ప తెలియదు. నేల మీద గీతలు చెరిపేసిన వాళ్లు గాల్లో గీతలు ఎందుకు ఉంచుకున్నారు? తెలిసినవాళ్లు చెప్పండి. ఏ ఎయిర్‌లైన్స్ అని అడగకండి, వాళ్ల తప్పు కాదనే అనిపించింది.

పాత టవర్ | శనివారం, ఉదయం 6:05

మీ అబ్బాయి అడిగింది సరైన ప్రశ్నే. పైన సిగ్నల్ పడదు, అందుకే కిందే పడుతుంది.

ముప్పై ఏళ్లు ఇండియాలో ఏటీసీలో, అంటే విమానాల రాకపోకలు నియంత్రించే పనిలో చేసి రిటైరయ్యాను. ఆకాశాన్ని సెక్టార్లుగా కోస్తారు. ఒక్కో సెక్టార్‌కి ఒక కంట్రోలర్, పక్కన సాయానికి ఇంకొకరు. గంటకి ఇన్ని విమానాలే చూడగలరని ప్రతి సెక్టార్‌కి ఒక హద్దు ఉంటుంది. అంతకు మించి వస్తాయని ముందే తెలిస్తే, బయల్దేరే చోటే ఆపుతారు. ఘాట్ రోడ్డు మధ్యలో బస్సుల వరస కట్టడం కన్నా డిపోలోనే ఆపడం నయం కదా.

యూరప్‌లో ఆ లెక్క వేసేది బ్రస్సెల్స్‌లో యూరోకంట్రోల్ అనే ఉమ్మడి సంస్థ వాళ్ల నెట్‌వర్క్ మేనేజర్. మీ కెప్టెన్‌కి వచ్చిన స్లాట్ అంటే ఒక టేకాఫ్ సమయం. దానికి 5 నిమిషాలు ముందు, 10 నిమిషాలు తర్వాత, ఆ పదిహేను నిమిషాల్లోనే లేవాలి. తప్పితే మళ్లీ క్యూలో నిలబడాలి. తలుపులు వేసి కూర్చోబెట్టింది అందుకే. మధ్యలో ఎవరిదైనా స్లాట్ ఖాళీ అయితే వెంటనే కదలొచ్చు.

ఘాటు మిరప | శనివారం, ఉదయం 8:22

సార్, బ్రస్సెల్స్‌లో ఒక్క ఆఫీసే అందరి లెక్కలూ చూస్తుంటే ఇక ఒకటి కానిదేముంది? ఏకం అయిపోయినట్టేగా?

పాత టవర్ | శనివారం, ఉదయం 9:10

కాదండీ. క్యూ ఒకటైంది, కౌంటర్లు ఒకటి కాలేదు. విమానంతో రేడియోలో మాట్లాడి "ఎక్కు, దిగు, ఎడమకి తిరుగు" అనే పని ఇప్పటికీ ఏ దేశానికి ఆ దేశానిదే. అక్కడ సుమారు 37 సంస్థలు, 60కి పైగా కంట్రోల్ కేంద్రాలు. అమెరికాలో దాదాపు అంతే ఆకాశాన్ని ఒక్క ఎఫ్ఏఏ, అంటే అక్కడి ప్రభుత్వ విమానయాన సంస్థ, ఇరవై చిల్లర కేంద్రాలతో నడుపుతోంది.

ఒకటి చేద్దామన్న ఆలోచన కొత్తదేం కాదు. 1960లోనే ఆరు దేశాలు, అంటే ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ కలిసి యూరోకంట్రోల్ ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. పై ఎత్తుల్లో ఆకాశం మొత్తం ఒకే సంస్థ చూడాలన్నది ఉద్దేశం. తీరా అమలుకొచ్చేసరికి ఫ్రాన్స్, బ్రిటన్ మా ఆకాశం మేమే చూసుకుంటామన్నాయి. సైన్యం సంగతి, పరువు సంగతి. చివరికి ఆ కల నిజమైంది నెదర్లాండ్స్‌లోని ఒక్క మాస్ట్రిక్ట్‌లోనే. 1972లో ఆ కేంద్రం మొదలైంది. ఇప్పుడు అక్కడ ఒకే హాల్లో బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్, వాయవ్య జర్మనీల మీద 24,500 అడుగుల పైన ఎగిరేవన్నీ చూస్తున్నారు. మీరు డస్సెల్‌డార్ఫ్ అన్నారు కదా, మీ నెత్తి మీద ఎత్తున పోయే విమానాల్ని చూసేది జర్మనీ వాళ్లు కాదు, ఆ హాలు వాళ్లు.

రైన్ ఒడ్డు | శనివారం, ఉదయం 9:31

మాస్ట్రిక్ట్ మా ఇంటి నుంచి గంటన్నర కూడా ఉండదు! క్రిస్మస్ మార్కెట్‌కి వెళ్తుంటాం. ఇంత పని అక్కడ జరుగుతోందని ఎప్పుడూ తెలియలేదు.

లక్సెంబర్గ్ లక్ష్మి | శనివారం, మధ్యాహ్నం 1:15

నేను ఈయూ కాగితాల అనువాద పనుల్లో ఉన్నాను, ఈ ఫైళ్లు కొన్ని చేతిలోంచి వెళ్లాయి. తేదీలు కాస్త చెప్తాను.

1990ల చివర్లో ఆలస్యాలు భరించలేనంత అయ్యాయి. 1999లో యూరోపియన్ కమిషన్ "ఒకే యూరప్ ఆకాశం" అనే పథకం ఎత్తుకుంది. 2004లో మొదటి చట్టాలు వచ్చాయి. ఆ తర్వాతి సంవత్సరం పెట్టుకున్న లక్ష్యాలు చూడండి: సామర్థ్యం మూడింతలు, ఖర్చు సగం, భద్రత పదింతలు, ఒక్కో విమానం పర్యావరణానికి చేసే చేటు 10 శాతం తక్కువ. మా ఊళ్లో పెళ్లి మాటల్లో ఇలాగే చెప్తారు, అబ్బాయికి అన్నీ ఉన్నాయని.

2009లో రెండో విడత చట్టం. దేశాల్ని గుంపులుగా కలిపి "ఫ్యాబ్"లు అనే ఉమ్మడి ఆకాశపు దిమ్మెలు చేయాలన్నారు, 2012 డిసెంబరు 4 గడువు. తొమ్మిది తయారయ్యాయి. పోర్చుగల్, స్పెయిన్ ఒకటి. డెన్మార్క్, స్వీడన్ ఒకటి. బల్గేరియా, రొమేనియా ఒకటి. అన్నిట్లో రద్దీ ఎక్కువున్నది ఫ్రాన్స్, జర్మనీ, స్విట్జర్లాండ్, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ దేశాలది. కాగితం మీద అన్నీ పుట్టాయి. కంట్రోల్ కేంద్రాలు కలిసిపోయాయా అంటే, లేదు. ఈయూ లెక్కల్ని తనిఖీ చేసే ఆడిటర్ల కోర్టు 2017లో నివేదిక ఇచ్చింది. దాని పేరులోనే తీర్పు ఉంది: పనిచేసే పద్ధతి మారింది కానీ ఒకే ఆకాశం మాత్రం రాలేదని.

ఘాటు మిరప | శనివారం, మధ్యాహ్నం 1:40

ఒకటి చేస్తామని బయల్దేరి తొమ్మిది చేశారా? భలే. మా ఆస్తి పంపకాలూ ఇలాగే జరిగాయి.

లక్సెంబర్గ్ లక్ష్మి | శనివారం, మధ్యాహ్నం 2:02

ఇంకా వినండి. 2013లో కమిషన్ కొత్త చట్టం ముసాయిదా పెట్టింది. అది ఏళ్ల తరబడి ఆగిపోయింది. ఎందుకో తెలుసా? జిబ్రాల్టర్, స్పెయిన్ కొసన బ్రిటన్ చేతిలో ఉన్న చిన్న ముక్క. ఆ విమానాశ్రయం రన్‌వే ఉన్న నేల ఎవరిదన్నది బ్రిటన్, స్పెయిన్‌ల మధ్య పాత తగాదా. చట్టం అక్కడ వర్తిస్తుందా లేదా అన్న ఒక్క మాట దగ్గర ఖండం మొత్తం ఫైలు ఇరుక్కుపోయింది. బ్రిటన్ ఈయూ నుంచి వెళ్లిపోయాక 2020లో మళ్లీ రాసి, 2024లో చివరికి పాస్ చేశారు. ఈలోపు నీరు కలిపి కలిపి చిక్కని పాలు మజ్జిగ తేట అయ్యాయి. ఫ్యాబ్‌ల బలవంతం కూడా తీసేశారు.

డిస్పాచ్ డెస్క్ | శనివారం, సాయంత్రం 5:30

రాజకీయం సరే, డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. నా ఉద్యోగమే ఫ్లైట్ ప్లాన్లు వేయడం, గల్ఫ్‌లో.

ప్రతి దేశం తన మీదుగా ఎగిరినందుకు రుసుము తీసుకుంటుంది. లెక్క ఇది: ఆ దేశం మీద ఎగిరిన కిలోమీటర్లను 100తో భాగించాలి. విమానం గరిష్ఠ టేకాఫ్ బరువును టన్నుల్లో తీసుకుని 50తో భాగించి వర్గమూలం కట్టాలి. ఆ రెండిటినీ ఆ దేశపు యూనిట్ రేటుతో గుణించాలి. 72 టన్నుల విమానం అనుకోండి. 72 బై 50 అంటే 1.44, వర్గమూలం 1.2. ఒక దేశం మీద 500 కిలోమీటర్లు పోతే 5 ఇంటూ 1.2, అంటే 6 యూనిట్లు. యూనిట్ రేటు 40 యూరోలైతే 240, 70 యూరోలైతే 420. రేట్లు నేను ఉదాహరణకి వేసినవే, కానీ దేశానికీ దేశానికీ తేడా నిజంగానే పెద్దది.

ఇప్పుడు నా సీట్లో కూర్చోండి. తిన్నగా పోతే ఖరీదైన దేశం, కాస్త చుట్టు తిరిగితే చవక దేశం. ఇంధనం ఖర్చు కలిపినా చుట్టు దారే లాభమని కంప్యూటర్ చూపిస్తుంది కొన్నిసార్లు. ఆకాశం ఒకటై రేటు ఒకటైతే ఈ చోద్యం ఉండదు. కానీ చిన్న దేశానికి ఆ రుసుమంటే ఊరికే వచ్చే ఆదాయం కాదు. జీతాలు, రాడార్లు, భవనాలు అన్నీ దాని మీదే నడుస్తాయి. మీ కేంద్రం మూసేసి పక్క దేశానికి అప్పగించండి అంటే ఏ మంత్రి సంతకం పెడతాడు?

కోపైలట్ కిట్టు | శనివారం, రాత్రి 10:48

కాక్‌పిట్ నుంచి చూస్తే తేడా ఇంకోలా తెలుస్తుంది. యూరప్ పైన అరగంటలో మూడుసార్లు ఫ్రీక్వెన్సీ మారుస్తాం. ఒకరు "గుడ్ బై" అనగానే ఇంకొకరికి "గుడ్ ఈవెనింగ్". ఒకరి నుంచి ఇంకొకరికి ఇలా అప్పగించే ప్రతి హ్యాండోవర్ ఒక కీలు లాంటిది, ఎక్కడైనా తప్పు జరిగితే ఎక్కువగా ఆ కీలు దగ్గరే.

ఉబర్లింగెన్ గురించి విన్నారా? 2002 జులై 1 రాత్రి. జర్మనీ ఆకాశమే, కానీ ఆ ముక్కని చూసేది స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ కేంద్రం. మాస్కో నుంచి బార్సిలోనా పోతున్న టుపొలెవ్, ఇంకో కార్గో బోయింగ్ 757 ఒకే ఎత్తులో ఎదురయ్యాయి. డ్యూటీలో ఉన్న కంట్రోలర్ ఒక్కడే రెండు తెరలు చూస్తున్నాడు. ఫోన్ లైన్లు రిపేరులో ఉన్నాయి. పక్కన కార్ల్స్‌రూహె కేంద్రం వాళ్లు ప్రమాదం పసిగట్టి ఫోన్ చేయడానికి ప్రయత్నించారు, కలవలేదు. 71 మంది పోయారు. చాలామంది రష్యాలోని ఉఫా నుంచి స్పెయిన్‌కి సెలవులకి వెళ్తున్న పిల్లలు.

పాత టవర్ | ఆదివారం, ఉదయం 5:50

కిట్టూ, ఆ ప్రమాదాన్ని సరిహద్దు మీదకి నెట్టేయడం నాకు నచ్చదు. ఆ రాత్రి విమానంలోని టీకాస్ యంత్రం (ఎదురయ్యే విమానాన్ని గుద్దుకోకుండా హెచ్చరించేది) టుపొలెవ్‌ని ఎక్కమంది, కంట్రోలర్ దిగమన్నాడు. వాళ్లు కంట్రోలర్ మాట విన్నారు. అటు బోయింగ్ తన యంత్రం చెప్పినట్టు దిగింది. అసలు మెలిక అక్కడుంది. యంత్రం చెబితే యంత్రం మాటే వినాలని ఆ తర్వాత ప్రపంచమంతా గట్టిగా చెప్పారు. రాత్రిపూట ఒక్కణ్ణి కూర్చోబెట్టడం, రిపేరు పెట్టుకుని వెనక దారి చూసుకోకపోవడం, ఇవి ఒకే దేశంలో ఉన్నా జరుగుతాయి. ఆ కుర్చీలో కూర్చున్నవాడిగా చెప్తున్నాను.

కోపైలట్ కిట్టు | ఆదివారం, ఉదయం 7:15

ఒప్పుకుంటాను సార్. కానీ ఆ ఫోన్ కలవకపోవడం మాత్రం నా బుర్రలోంచి పోదు. చూసినవాడికి పైలట్‌తో మాట్లాడే వీలు లేదు, మాట్లాడగలిగినవాడు చూడలేదు.

బగ్ బాబాయ్ | ఆదివారం, ఉదయం 10:20

సాఫ్ట్‌వేర్ వాణ్ణి, ఇంకో కోణం చెప్తాను. అంతా ఒకే సిస్టమ్ చేయండి అనేవాళ్లు 2023 ఆగస్టు 28 గుర్తు చేసుకోండి. బ్రిటన్‌లో బ్యాంక్ హాలిడే సోమవారం. లాస్ ఏంజెలెస్ నుంచి పారిస్ ఓర్లీకి ఒక ఫ్లైట్ ప్లాన్ వచ్చింది. దారిలో "డీవీఎల్" అనే గుర్తు రెండు చోట్ల ఉంది, ఒకటి అమెరికాలో నార్త్ డకోటాలో డెవిల్స్ లేక్, రెండోది ఫ్రాన్స్‌లో డోవిల్. బ్రస్సెల్స్ సిస్టమ్ ఆ ప్లాన్‌ని ఏ గొడవా లేకుండా తీసుకుంది. బ్రిటన్ సాఫ్ట్‌వేర్ మాత్రం విమానం మా ఆకాశంలోంచి ఎక్కడ బయటికి పోతుందని వెతికి, ఆ పేరు దగ్గర తికమకపడి, తప్పు లెక్క ఇవ్వడం కన్నా ఆగిపోవడమే మేలనుకుని ఆగిపోయింది. బ్యాకప్‌కి మారారు. అదీ అదే కోడు, అదే ప్లాన్, అదే తికమక. మొత్తం ఇరవై సెకన్లలోపే. తర్వాత ప్లాన్లన్నీ చేత్తో ఎక్కించాల్సి వచ్చింది. 7 లక్షలకు పైగా ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు.

ఇది ఖండమంతటికీ ఒకే సిస్టమ్‌లో జరిగి ఉంటే?

డిస్పాచ్ డెస్క్ | ఆదివారం, ఉదయం 11:05

అదే కథని తిప్పి చదవండి బాబాయ్. బ్రస్సెల్స్ ఒకసారి సరిచూసి పంపిన ప్లాన్‌ని ప్రతి దేశం మళ్లీ తన పద్ధతిలో చదువుకుంటోంది కాబట్టే ఆ బగ్‌కి చోటు దొరికింది. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. అన్నం తినడానికి లేవలేదు.

బగ్ బాబాయ్ | ఆదివారం, ఉదయం 11:12

అదీ నిజమే. ఏం చెప్పను.

గుడివాడ గాలిపటం | ఆదివారం, మధ్యాహ్నం 12:30

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. స్ట్రైకుల మాట ఎవరూ అనలేదే? 2025 జులైలో ఫ్రాన్స్ కంట్రోలర్లు రెండు రోజులు స్ట్రైక్ చేస్తే మా అక్కావాళ్లు లండన్ నుంచి రోమ్ పోలేకపోయారు. ఫ్రాన్స్‌లో దిగేది లేదు, ఎక్కేది లేదు, మీద నుంచి పోవడమే.

తూలూజ్ తులసి | ఆదివారం, మధ్యాహ్నం 3:45

ఫ్రాన్స్‌లో ఉంటున్నా కాబట్టి వాళ్ల వైపు కూడా చెప్తాను. మ్యాప్ చూడండి: బ్రిటన్ నుంచి స్పెయిన్‌కైనా ఇటలీకైనా పోవాలంటే ఫ్రాన్స్ దాటాలి. ఇక్కడ పది మంది పని ఆపితే సగం యూరప్‌కి తెలుస్తుంది. అందుకే అందరి కళ్లూ వీళ్ల మీదే.

కంట్రోలర్ ఉద్యోగం బదిలీ చేసే గుమాస్తా ఉద్యోగం కాదు. లైసెన్సులో ఏ కేంద్రం, ఏ సెక్టార్లు అని రాసి ఉంటుంది. రాంస్‌లో చేసేవాళ్లని రేపు పొద్దున బోర్దోలో కూర్చోబెట్టలేరు. కొత్తవాళ్లు తయారవడానికి ఏళ్లు పడుతుంది. కోవిడ్‌లో ట్రైనింగులు తగ్గిన చోట్ల ఆ లోటు ఇప్పుడు కనిపిస్తోంది. ఇక్కడి కేంద్రాల్లో మొన్నమొన్నటి దాకా కాగితం స్ట్రిప్పుల మీద పెన్నుతో రాసేవారు. 2022లో రాంస్, ఎక్స్ (ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ ఊరు) కేంద్రాలకు కొత్త సిస్టమ్ వచ్చింది. దానికి అలవాటు పడే నెలల్లో విమానాల సంఖ్య తగ్గించి నడిపారు. ఆధునికీకరణ అంటే ముందు ఆలస్యం పెరుగుతుంది, తర్వాతే తగ్గుతుంది. ఈ మాట ప్రయాణికులకి ఎవరూ చెప్పరు.

కోపైలట్ కిట్టు | ఆదివారం, సాయంత్రం 4:20

అవును. డేటాలింక్ కూడా అంతే, రేడియోలో మాట్లాడే బదులు మెసేజ్ పంపే పద్ధతి. 2009లో రూలు రాశారు, విమానాలకి 2015 గడువన్నారు. కనెక్షన్లు మధ్యలో తెగిపోతుంటే 2020 దాకా జరిపారు. ఇప్పుడు బాగానే పనిచేస్తోంది, గొంతుకి కాస్త విశ్రాంతి.

ఘాటు మిరప | ఆదివారం, సాయంత్రం 6:00

అంతా విన్నాక, ఇరవై ఏళ్లకి పైగా చట్టాలు రాసి సాధించింది శూన్యం అనుకోవాలా?

పాత టవర్ | ఆదివారం, సాయంత్రం 7:25

శూన్యం కాదు. పెద్ద పథకం నడవలేదు, చిన్న ఒప్పందాలు నడిచాయి.

2009లో పోర్చుగల్ తన ఆకాశంలో రూట్లు ఎత్తేసింది. వచ్చే చోటు చెప్పు, పోయే చోటు చెప్పు, మధ్యలో నీ ఇష్టం వచ్చినట్టు తిన్నగా పో అంది. దాన్నే ఫ్రీ రూట్ అంటారు. ఎవరూ బలవంతపెట్టక ముందే చేశారు. చూసి మిగతావాళ్లు అందుకున్నారు, ఇప్పుడు యూరప్‌లో చాలా భాగం అలాగే ఎగురుతోంది. కొన్నిచోట్ల దేశాల గీత దాటి కూడా.

2014 నుంచి కొసావో మీద పై ఆకాశాన్ని చూస్తున్నది హంగరీ. రెండిటికీ సరిహద్దు కూడా లేదు, మధ్యలో సెర్బియా ఉంది! బుడాపెస్ట్‌లో కూర్చుని నడుపుతున్నారు. కంట్రోలర్ ఆ నేల మీదే కూర్చోవాలన్న మాటకి ఇంతకన్నా జవాబేముంది?

స్వీడన్, డెన్మార్క్, ఐర్లాండ్, ఆస్ట్రియా, క్రొయేషియా, పోర్చుగల్ కూడబలుక్కుని ఒకే రకం సాఫ్ట్‌వేర్ కలిసి కొంటాయి, కలిసి మార్చుకుంటాయి. వీటిలో ఏ రెండిటికీ నేల మీద సరిహద్దే లేదు. 2015లో స్వీడన్‌లో ఊర్న్‌షోల్డ్‌స్విక్ అనే చిన్న విమానాశ్రయానికి టవర్‌లో మనిషి అక్కర్లేకుండా, దూరంగా సుండ్స్‌వాల్‌లో కెమెరా తెరల ముందు కూర్చుని నడపడం మొదలెట్టారు. నాకు ఇది వింటే కొంచెం బాధ, టవర్ కిటికీలోంచి వాన రావడం చూసినవాణ్ణి కదా. కానీ పనిచేస్తోంది.

లక్సెంబర్గ్ లక్ష్మి | ఆదివారం, రాత్రి 8:10

2010 అగ్నిపర్వతం కూడా కలపండి. ఐస్‌లాండ్ బూడిద వచ్చినప్పుడు ఒక్కో దేశం తన ఆకాశాన్ని తన లెక్కలో మూసింది, తెరిచింది. లక్ష విమానాల దాకా రద్దయ్యాయి. నేను ఒక విమానాశ్రయంలో నాలుగు రాత్రులు పడుకున్నాను, పచ్చడి సీసా ఉండబట్టి బతికాను. నెట్‌వర్క్ మేనేజర్‌కి 2011లో అధికారికంగా హోదా ఇవ్వడానికి, సంక్షోభం వస్తే అందరూ ఒక టేబుల్ దగ్గర కూర్చునే ఏర్పాటుకి ఆ బూడిదే తోసింది.

గుడివాడ గాలిపటం | ఆదివారం, రాత్రి 8:40

మన దగ్గర ఎలా సార్? రాష్ట్రానికొకటి లేదు కదా?

పాత టవర్ | ఆదివారం, రాత్రి 9:15

లేదు, బతికిపోయాం. మొత్తం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఒక్కటే, సైన్యం వాటా వేరు. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై ప్రాంతాలుగా ఆకాశం ఉంది. హైదరాబాద్ మీద బాగా ఎత్తున పోయే విమానాన్ని చూసేది చెన్నై కేంద్రమే. అలా కలిపినప్పుడు మాలోనూ సణుగుడు లేకపోలేదు. కానీ జెండా ఒకటే కాబట్టి ఆర్డర్ వేస్తే జరిగింది. 1944 షికాగో ఒప్పందం మొదటి మాటే, ప్రతి దేశానికీ తన ఆకాశం మీద పూర్తి హక్కని. యూరప్ వాళ్లు ఆ హక్కుని బతిమాలి అడగాలి.

ఘాటు మిరప | ఆదివారం, రాత్రి 9:20

ఆంధ్రకీ తెలంగాణకీ వేరువేరు ఏటీసీ ఉండుంటే? కృష్ణా నీళ్లే ఇంకా తేలలేదు. శ్రీశైలం పైన విమానం గిరగిరా తిరుగుతూ ఉండేది.

రైన్ ఒడ్డు | ఆదివారం, రాత్రి 10:05

నవ్వలేక చచ్చాను. చివరిగా ఒక్కటి చెప్పండి పాత టవర్ గారూ, మేం వచ్చిన దారిలో ఎంతమంది చేతులు మారి ఉంటాం?

పాత టవర్ | ఆదివారం, రాత్రి 10:30

ఆ రోజు ప్లాన్ చూడందే ఖాయంగా చెప్పలేను, కానీ మామూలుగా అయితే బార్సిలోనా కేంద్రం, తర్వాత ఎక్స్, తర్వాత రాంస్, పైన మాస్ట్రిక్ట్, దిగేటప్పుడు జర్మనీ వాళ్ల లాంగెన్ కేంద్రం. ఒక్కో చోట మళ్లీ రెండు మూడు సెక్టార్లు. టవర్లు లెక్కలోకి తీసుకోలేదు.

రైన్ ఒడ్డు | ఆదివారం, రాత్రి 10:52

మావాడు ఇంకా పడుకోలేదు, చదివి వినిపించాను. "అయితే ఐదు సిగ్నళ్లు నాన్నా, మనకి ఒక్కటే రెడ్ పడింది" అన్నాడు.

డిస్పాచ్ డెస్క్ | ఆదివారం, రాత్రి 11:03

మీరు మీదుగా పోయిన ప్రతి దేశానికీ రుసుము మాత్రం కట్టాల్సిందే, అది చెప్పండి వాడికి.